తెలుగు పుస్తకాల కోసం ఆర్కైవ్ డాట్ ఆర్గ్: ఒక సోషల్ టీచర్ రివ్యూ

మా స్టాఫ్ రూమ్‌లో ఎవరికి ఏ పాత పుస్తకం కావాల్సి వచ్చినా ముందు నన్నే అడుగుతారు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతకడం నాకు బాగా అలవాటని వాళ్లందరికీ తెలుసు. చీరాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇన్నేళ్లలో ట్రైనింగుల్లో మాకు ఎన్నో యాప్‌లు, పోర్టళ్లు చూపించారు. వాటిలో చాలావరకు వాడాను కూడా. కానీ నేను పాఠం చెప్పే పద్ధతినే మార్చింది మాత్రం ఎవరూ చూపించని ఈ సైటే. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను. మెచ్చుకోవాల్సింది చాలా ఉంది. గట్టిగా చెప్పాల్సిన లోపమూ ఒకటి ఉంది. పుస్తకాన్ని అందరికీ తెరిచి పెట్టారు గానీ, ఆ పుస్తకం అక్కడ ఉందని తెలుసుకునే దారి సరిగ్గా లేదు. తెలుగు పుస్తకాల విషయంలో ఈ కష్టం మరీ ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ సైటును నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న సంస్థ, లాభం కోసం నడిచేది కాదు. బ్రూస్టర్ కేల్ అనే ఆయన 1996లో మొదలుపెట్టారు. పాత వెబ్ పేజీలు, పుస్తకాలు, ఆడియోలు, వీడియోలు దాచిపెట్టి ఎవరికైనా ఉచితంగా చూపిస్తుంది. ప్రకటనలు ఉండవు. ఫోన్ నంబరు అడగదు, ఓటీపీ గొడవ లేదు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకమైతే లాగిన్ కూడా అక్కర్లేదు. పుస్తకం పేజీలో కిందికి వెళితే డౌన్‌లోడ్ ఆప్షన్లు కనిపిస్తాయి, పీడీఎఫ్ మీద నొక్కితే ఫోన్‌లోకి దిగిపోతుంది. మీరు ఎవరు, ఏ కాలేజీ, ఎందుకు కావాలి అని ఎవరూ అడగరు. ఒక కాలేజీ లైబ్రరీకి వెళ్లి, అక్కడి విద్యార్థిని కాదు కాబట్టి లోపలికి రానివ్వమంటే గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వచ్చిన మనిషిని నేను. ఏమీ అడగకపోవడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు.

మన పుస్తకాలు అక్కడికి ఎలా చేరాయో కూడా చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసరై, 1994లో కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి గురించి చాలామంది వినే ఉంటారు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టాలన్న ప్రాజెక్టు వెనుక ఉన్నది ఆయనే. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు అందులో చేరాయి. అలా వచ్చిందే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. తర్వాత ఆ సైటు మూతపడింది. అయినా పుస్తకాలు పోలేదు. కార్ల్ మాలముడ్ అనే ఆయన తన పబ్లిక్ రిసోర్స్ సంస్థ తరఫున నాలుగు లక్షలకు పైగా పుస్తకాల్ని కాపీ చేసి ఆర్కైవ్‌లో ఎక్కించి ఉంచారు. ఈ రోజు మనం ఆర్కైవ్‌లో చూసే పాత తెలుగు పుస్తకాల్లో పెద్ద భాగం అలా దక్కినవే.

అలాంటి పుస్తకం ఒకటి తెరిస్తే మొదట కనిపించేది అట్ట కాదు. యూనివర్సల్ లైబ్రరీ అని పెద్ద అక్షరాలు, ఓయూ అని మొదలయ్యే ఒక నంబరు, బార్‌కోడ్ గీతలు. పేజీ తిప్పితే ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ చీటీ వస్తుంది. కాల్ నంబరు, అసెషన్ నంబరు, రచయిత పేరు, పుస్తకం పేరు చేత్తో రాసి ఉంటాయి. కింద, ఈ పుస్తకాన్ని చివర వేసిన తేదీలోగా తిరిగి ఇవ్వాలని ఇంగ్లిష్‌లో అచ్చు. ఆ చీటీ చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఒకప్పుడు ఈ పుస్తకం చదవాలంటే హైదరాబాద్‌లో ఉండాలి, ఆ యూనివర్సిటీలో చేరాలి, లైబ్రరీ కార్డు ఉండాలి. ఇప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలు క్లాసులో కూర్చుని దాన్నే చూస్తున్నారు.

మా క్లాసులో దీన్ని ఎలా వాడానో ఒక పాఠం చెబుతాను.

చీరాల-పేరాల ఉద్యమం మా ఊరి చరిత్ర. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. నేతపనివాళ్లు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్న ఊళ్ల మీద పన్నుల భారం ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగింది. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని జనం మొత్తుకున్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు ఖాళీ చేసి, మునిసిపల్ హద్దు దాటి పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి, పన్ను మాత్రం కట్టలేదు. ఇంత జరిగితే పాఠ్యపుస్తకంలో కొన్ని వాక్యాల్లో అయిపోతుంది. పుస్తకం రాసేవాళ్లకు రాష్ట్రమంతా ఉంది, వాళ్లను తప్పు పట్టను. కానీ ఈ నేల మీద చదువుకునే పిల్లలకు ఆ నాలుగు వాక్యాలు చాలవు కదా.

మా స్కూల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ ఉంది, అంటే బోర్డులా వాడే పెద్ద టచ్ స్క్రీన్. దాని మీద ఆర్కైవ్ తెరిచి, గాంధీ గారి యంగ్ ఇండియా పత్రిక వ్యాసాల సంపుటం పెట్టాను. 1919 నుంచి 1922 వరకు వచ్చిన వ్యాసాలు అందులో ఉన్నాయి. పుస్తకం లోపల వెతికే పెట్టెలో చీరాల అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఆ పేరు వచ్చిన చోటికి వెళ్లి, అక్షరాలు పెద్దవి చేశాను. క్లాసంతా ఒక్కసారిగా ముందుకు వంగింది. అచ్చులో మన ఊరి పేరు, అదీ గాంధీ గారు నడిపిన పత్రికలో, అదీ నూరేళ్ల కిందటిది! ఒకడు లేచి, “టీచర్, స్పెల్లింగ్ ఇప్పుడున్నదేనా?” అని అడిగాడు. అదేనా కాదా నువ్వే చూసి చెప్పరా అని బోర్డు దగ్గరికి పిలిచాను.

అసలు విషయం తర్వాత మొదలైంది. గాంధీ గారు 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా అహింసగా జైలుకు వెళ్లడమో, ఊరు వదిలి వెళ్లడమో, ఏది చేసినా మీ సొంత బలం మీదే చేయండి, కాంగ్రెస్ సాయం మీద ఆధారపడకండి అన్నది ఆయన సలహా. పిల్లలకు ఇది మింగుడు పడలేదు. “అంటే సాయం చెయ్యనన్నారా టీచర్?” అని ఒక అమ్మాయి. “చెయ్యననలేదే, మీకు సత్తా ఉంటేనే దిగండి అన్నారు” అని ఇంకొకడు. గంట కొట్టేదాకా వాదించుకున్నారు. నేను ఎవరి పక్షానా మాట్లాడలేదు. అక్కడ ఏమి రాసి ఉందో మళ్లీ చదవండి అని మాత్రం అంటూ వచ్చాను. పదిహేనేళ్ల లోపు పిల్లలు మూలంలో ఏముందో చూసి వాదించడం మా స్కూల్లో అంతకుముందు నేను చూడలేదు.

ప్రభుత్వం నడిపే దీక్షా లాంటి ఆన్‌లైన్ చదువుల ప్లాట్‌ఫారాల్లో పాఠం ఉంటుంది, వీడియో ఉంటుంది, చివర ప్రశ్నలుంటాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది. అవి పనికొస్తాయి, రివిజన్‌కి నేనూ వాడతాను. అయితే అక్కడ పిల్లలకు దొరికేది ఎవరో తేల్చి పెట్టిన జవాబు. ఆర్కైవ్‌లో జవాబు ఉండదు, కాగితం ఉంటుంది. దాన్ని చూసి తేల్చుకోవాల్సింది మనమే. ఆన్‌లైన్ చదువు అనగానే అందరికీ వీడియోలే గుర్తొస్తున్నాయి. నా దృష్టిలో కాగితం చూపించి తేల్చుకోమనడం అంతకంటే పెద్ద చదువు.

ఇదే పద్ధతిలో 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ కూడా చూపించాను. గుంటూరు జిల్లా 1904లో గానీ ఏర్పడలేదు కాబట్టి బాపట్ల తాలూకా అప్పుడు కృష్ణా జిల్లాలోనే ఉండేది. మేము చదువుకునేటప్పుడు చీరాల ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. జిల్లా హద్దులు మనుషులు గీసేవేనని, మారుతూ ఉంటాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

క్లాసు అయ్యాక అదే అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “టీచర్, ఇది మా నాన్న ఫోన్‌లో నొక్కితే డబ్బులు కట్ అవుతాయా?” అని అడిగింది. నెట్ బ్యాలెన్స్ తప్ప ఇంకేం కట్ అవ్వదమ్మా అని చెప్పాను. ఆ భయం ఊరికే రాలేదు. ఏది నొక్కినా ముందు ఫ్రీ అంటారు, తర్వాత సబ్‌స్క్రిప్షన్ అంటారు. పిల్లలకు అదే అలవాటైపోయింది. ఒక యాప్‌లో అయితే కాపీరైట్ ఎప్పుడో తీరిపోయిన తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లే అమ్ముతున్నారు. నేను కొన్న దానిలో మొదటి పేజీ మీద ఆ ఓయూ బార్‌కోడ్ కూడా అలాగే ఉంది. చట్ట ప్రకారం అందులో తప్పు లేకపోవచ్చు. కానీ అది ఉచితంగా దొరుకుతుందని తెలియనివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం నాకు బాధగా ఉంది.

ఇక లోపం దగ్గరికి వస్తాను.

ఆర్కైవ్‌లో ఆంధ్రుల చరిత్ర అని తెలుగులో కొట్టి చూడండి. ఏవో కొన్ని వస్తాయి. ఉన్నవి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. ఎందుకంటే డిజిటల్ లైబ్రరీ నుంచి వచ్చిన పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ మనం వాట్సాప్‌లో రాసుకునే పద్ధతిలో కాకుండా ఇంకో పద్ధతిలో ఎక్కించారు. దీర్ఘం వస్తే అక్షరం రెండుసార్లు. సున్నా వస్తే ఎన్, దాని పక్కన పైన చిన్న కామా. అంటే ఆంధ్ర అనే మాట ఏ, ఏ, ఎన్, పైన కామా, డీ, హెచ్, ఆర్, ఏ అని ఉంటుంది. ఇలా వెతకాలని ఎవరికి తోస్తుంది? పోనీ ఆ పద్ధతైనా అన్నిటికీ ఒకేలా ఉందా అంటే లేదు. ఒకే పుస్తకం మూడు ప్రతులుంటే మూడు స్పెల్లింగులు. రచయిత పేరు ఉండాల్సిన చోట నాట్ అవైలబుల్ అని ఉంటుంది, లోపల ముఖపత్రం మీద మాత్రం పేరు చక్కగా అచ్చై ఉంటుంది. రెండు మూడు భాగాల పుస్తకమైతే ఏది ఏ భాగమో తెరిచి చూస్తే తప్ప తెలియదు. లింకులో కూడా డీఎల్‌ఐ 2015 అని, తర్వాత ఒక పెద్ద అంకె తప్ప పుస్తకం ఆనవాలు ఏమీ ఉండదు.

మా దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో రీసెర్చ్ స్కాలర్లు వచ్చి రోజుల తరబడి ఉండి చూసుకుని వెళ్తారు. అక్కడికి వెళ్లి ఫలానా విషయం మీద ఏమున్నాయండీ అని అడిగితే దారి చూపే మనిషి ఉంటాడు. ఆర్కైవ్‌లో అన్నీ ఉన్నాయి, ఆ మనిషే లేడు. లక్షల పుస్తకాల మధ్య ఒంటరిగా వదిలేసినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చిన టీచర్లు ఒకటి రెండుసార్లు వెతికి, తెలుగులో ఏమీ లేవండీ అని తేల్చేస్తారు. ఉన్నదాన్ని లేదనుకోవడం కంటే నష్టం ఏముంది?

వెతకడంలో నాకు పనికొచ్చిన పద్ధతులు చెబుతాను. పేరు మొత్తం కొట్టకండి. మొదటి మాటలో దీర్ఘాలు రెట్టించి ఒకసారి, మామూలుగా ఒకసారి కొట్టండి. రచయిత ఇంటిపేరు విడిగా ప్రయత్నించండి. పక్కన ఫిల్టర్లలో భాష తెలుగు అని పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోకండి, భాష తప్పుగా వేసినవీ కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే మంచి ఉపాయం తెలుగు వికీపీడియాలో ఉంది. కొందరు వాలంటీర్లు డిజిటల్ లైబ్రరీలోని తెలుగు పుస్తకాలను ఒక్కొక్కటిగా తెరిచి, తెలుగు లిపిలో పేరు, రచయిత, విభాగం, ప్రచురణ సంవత్సరం, బార్‌కోడ్ నంబరుతో అక్షర క్రమంలో జాబితా చేసి పెట్టారు. జీతం లేకుండా చేసిన పని అది. ముందు ఆ జాబితాలో చూసుకుని తర్వాత ఆర్కైవ్‌కి వెళ్తే పని చాలా తేలికవుతుంది. ఆ వాలంటీర్లు లేకపోతే నాకు ఇందులో సగం పుస్తకాలు దొరికేవే కాదు. వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

స్కానింగ్ నాణ్యత గురించి. అక్షరాలు చదవడానికి చాలావరకు బాగానే ఉంటాయి. పేజీలు వంకరగా ఉండటం, ఒక పేజీ రెండుసార్లు రావడం, మధ్యలో ఒకటి రెండు పేజీలు లేకపోవడం మామూలే. నాకు నిజంగా కోపం వచ్చేది బొమ్మలు, మ్యాపుల దగ్గర. డిజిటల్ లైబ్రరీ పుస్తకాలు ఎక్కువగా నలుపు తెలుపుల్లో మాత్రమే స్కాన్ చేశారు. మధ్యలో బూడిద రంగు ఛాయలు ఉండవు. దాంతో ఫొటోలు నల్లటి ముద్దలైపోయాయి. మనిషి ముఖం ఉండాల్సిన చోట సిరా ఒలికినట్టు ఉంటుంది. మడత పెట్టిన మ్యాపులను విప్పకుండానే స్కాన్ చేసినవి, అసలు వదిలేసినవి కూడా చూశాను. గెజిటీర్ అంటే ఒక ప్రాంతం వివరాలన్నీ ఉండే పుస్తకం. సోషల్ టీచర్‌కి మ్యాపు లేని గెజిటీర్ సగం గెజిటీరే. అలాంటప్పుడు అదే పుస్తకం ఇంకో లైబ్రరీ నుంచి స్కాన్ చేసిన ప్రతి ఉందేమో చూడండి. విదేశీ యూనివర్సిటీల నుంచి వచ్చిన స్కాన్లు కొన్ని రంగుల్లో, చాలా స్పష్టంగా ఉంటాయి.

పుస్తకంలోని మాటల్ని వెతికే సౌకర్యం ఇంగ్లిష్ పుస్తకాలకు అద్భుతం. తెలుగుకు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఆర్కైవ్ వాళ్లు కొన్నేళ్ల కిందట టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి మారాక తెలుగు అచ్చును కూడా కంప్యూటర్ కొంత చదవగలుగుతోంది. పాత అచ్చు, విరిగిన అక్షరాలు, బండి ర, అరసున్న వచ్చాయంటే తడబడుతుంది. ప, వ, ష ఒకదానికొకటి అయిపోతుంటాయి. అందుకని ఊరి పేరు వెతికేటప్పుడు ఒక్కసారి రాకపోతే వదిలెయ్యొద్దు. తప్పుల్లేని పాఠం కావాలంటే తెలుగు వికీసోర్స్‌కి వెళ్లాలి. అక్కడ స్కాన్ పక్కన పెట్టుకుని మనుషులు ఒక్కో పేజీ దిద్దుతారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి ‘నా జీవిత యాత్ర’ నేను అక్కడే చదివాను, అందులోంచి పేరాలు కాపీ చేసి పిల్లలకు ప్రింట్ తీసి ఇచ్చాను. పుస్తకాలు మాత్రం ఆర్కైవ్‌తో పోలిస్తే బాగా తక్కువ. ప్రభుత్వం ఐఐటీ ఖరగ్‌పూర్ ద్వారా నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో వెతకడం కాస్త మెరుగు, కానీ పుస్తకం తెరవబోతే చాలాసార్లు రిజిస్టర్ అవ్వమంటుంది. నాకు అది నచ్చదు.

జర్నల్స్ విషయం కూడా ఒక్క మాట. 2025 నుంచి కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పేరుతో మూడేళ్లకు రూ.6,000 కోట్లు పెట్టి దాదాపు 13,000 అంతర్జాతీయ జర్నల్స్ తెప్పిస్తోంది. మంచి పని. అయితే అది ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీలు, పరిశోధన సంస్థల కోసం. హైస్కూల్ టీచర్‌కి, ఇంట్లో కూర్చుని చదువుకునేవాళ్లకి అందులో చోటు లేదు. అలాంటివాళ్లందరికీ మిగిలిన చోటు ఆర్కైవ్ లాంటిదే.

పాత వెబ్ పేజీల్ని చూపించే ఆర్కైవ్ విభాగం వేబ్యాక్ మెషీన్ గురించి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. పోయిన వెబ్ పేజీ అడ్రస్ అందులో కొడితే క్యాలెండర్ వస్తుంది, నీలం చుక్కలున్న తేదీల మీద నొక్కితే ఆ రోజు ఆ పేజీ ఎలా ఉండేదో కనిపిస్తుంది. రాష్ట్రం విడిపోయాక ఎన్ని ప్రభుత్వ సైట్ల అడ్రసులు మారాయో టీచర్లకు తెలుసు. ఒక శాఖ సైటులో ఉండి మాయమైపోయిన పాత సర్క్యులర్‌ని నేను ఇక్కడి నుంచే తీశాను, మా హెడ్‌మాస్టర్ గారికి దానితో పెద్ద టెన్షన్ తప్పింది. 2025 అక్టోబరుకి ఇందులో దాచిన పేజీలు లక్ష కోట్లకు చేరాయి. మీకు ముఖ్యమైన పేజీ ఏదైనా ఉంటే మీరే అందులో సేవ్ చేసుకోవచ్చు, అదీ ఉచితమే.

ఇంత మంచి సైటు ఎప్పుడూ ఉంటుందన్న ధీమా మాత్రం పెట్టుకోకండి. 2017 ఆగస్టులో సినిమా పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుల మేరకు వేల సైట్లు బ్లాక్ చేసినప్పుడు ఆ జాబితాలో ఆర్కైవ్ కూడా పడింది. కొన్నాళ్లు మన దేశంలో తెరుచుకోలేదు. 2024 అక్టోబరులో హ్యాకర్లు దాడి చేసి 3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు ఎత్తుకుపోయారు, సైటు రోజుల తరబడి మూతపడింది. అంతకు ముందు నెలలోనే హక్కులున్న పుస్తకాల్ని స్కాన్ చేసి నెట్‌లో అరువుకిస్తోందని అమెరికాలో నాలుగు పెద్ద పబ్లిషింగ్ సంస్థలు వేసిన కేసులో అప్పీల్ కోర్టు తీర్పు ఆర్కైవ్‌కి వ్యతిరేకంగా వచ్చింది. ఆ కేసు ఫలితంగా అరువుకిచ్చే పుస్తకాల్లోంచి 5 లక్షలకు పైగా తీసేయాల్సి వచ్చింది. మన పాత తెలుగు పుస్తకాలకు ఆ తీర్పుతో సంబంధం లేదు, అవి కాపీరైట్ తీరినవి. అయినా దాడి జరిగిన రోజుల్లో అవి కూడా అందలేదు. అందుకని పాఠానికి అవసరమైనవి నేను ముందే దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటాను. మా స్కూల్లో నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి అలా కూడా అది మంచిదే.

కాపీరైట్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. గురజాడ, వీరేశలింగం, చిలకమర్తి, సురవరం ప్రతాపరెడ్డి లాంటివాళ్ల రచనలు అందరివీ అయిపోయాయి. త్రిపురనేని గోపీచంద్ 1962లో పోయారు కాబట్టి ఆయనవి 2023 నుంచి అందరివీ. విశ్వనాథ 1976లో పోయారు, ఇంకా సమయం ఉంది. ఆర్కైవ్‌లో హక్కులున్న పుస్తకాల్ని కూడా ఎవరెవరో ఎక్కించేస్తుంటారు. మన మధ్య ఉన్న రచయిత పుస్తకం అక్కడ కనిపించినా నేను దింపను, పిల్లలకు పంపను. తెలుగులో పుస్తకం అచ్చేసి నాలుగు డబ్బులు చూసుకునేవాళ్లే తక్కువ. జ్ఞానం అందరికీ ఉచితంగా అందాలని గట్టిగా కోరుకునేదాన్నే, కానీ ఆ ఖర్చు ఒక్క రచయిత నెత్తిన పెట్టకూడదు.

ఫోన్‌లో వాడకం ఎలా ఉందని చాలామంది అడుగుతారు. సైటంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, బటన్లు చిన్నవి. సైటులోనే పేజీలు తిప్పి చదవడం మామూలు నెట్ మీద నెమ్మది. పీడీఎఫ్ దింపుకుని చదవడమే మేలు. కొన్ని ఫైళ్లు వంద ఎంబీ దాటతాయి, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకునే ఇంట్లో దింపేముందు సైజు చూసుకోవడం మంచిది. అయిదుకి ఎంత ఇస్తావంటే నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పుస్తకాల పేర్ల గందరగోళానికే.

ఆ గందరగోళాన్ని కాస్త తగ్గించడం మన చేతుల్లోనూ ఉంది. మీ ఇంట్లో అటక మీద పాత పుస్తకం ఉందా? ముందు రచయిత ఎప్పుడు పోయారో చూసుకోండి. 60 ఏళ్లు దాటితే నిశ్చింతగా స్కాన్ చేయొచ్చు. పెద్ద మెషీన్ అక్కర్లేదు, పగటి వెలుగులో ఫోన్ స్కానర్ యాప్ చాలు, నీడ పడకుండా చూసుకోండి. ఫొటోలు, మ్యాపులు ఉన్న పేజీల్ని రంగుల్లోనే తీయండి. ఆర్కైవ్‌లో ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఎక్కించేటప్పుడు పుస్తకం పేరు తెలుగు లిపిలో రాయండి, వివరణలో ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఇవ్వండి. రచయిత పేరు, సంవత్సరం, ఊరు, భాష వదలకండి. ముఖపత్రం వెనక పేజీ తప్పకుండా స్కాన్ చేయండి. ఏ ప్రెస్‌లో అచ్చైంది, వెల ఎంత, ఎన్ని ప్రతులు వేశారు అన్నవి సాధారణంగా అక్కడే ఉంటాయి. బాపట్ల, చీరాల, తెనాలి ప్రెస్సుల్లో అచ్చైన పాత పుస్తకాల జాబితా ఒకటి నేను రాసుకుంటున్నాను. ఆ ఊళ్ల పుస్తకం మీ దగ్గర ఉంటే ముందు దాన్నే ఎక్కించండి.